కడుపుతో ఉన్నవాళ్ళని ఈ మాటా అడగండి

సంపాదకుడు గారికి,

మత్తు బిళ్ళల మీద మీ పత్రికలో వరసగా వార్తలు వస్తున్నాయి. ఎన్ని స్ట్రిప్పులు పట్టుకున్నారో, ఎవర్ని అరెస్టు చేశారో రాస్తున్నారు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళు కూడా వాటిని వేసుకుంటున్నారన్న సంగతి మాత్రం ఎక్కడా కనపడలేదు. పసిపిల్లల వార్డులో నర్సుగా చేసి రిటైరయ్యాను కనుక ఈ ఉత్తరం.

ఒక బిడ్డని మర్చిపోలేను. నెలలు నిండే పుట్టాడు, బరువూ బాగానే ఉంది. రెండో రాత్రి నుంచి కీచుమంటూ ఒకటే ఏడుపు. ఆత్రంగా పిడికిలి చీకుతాడు, రొమ్ము అందిస్తే పట్టలేడు. ఆగకుండా తుమ్ములు, ఆవలింతలు, కాళ్ళూ చేతులూ వణుకు. గుడ్డకి రాసుకుని రాసుకుని గడ్డం ఎర్రగా చెక్కుకుపోయింది. దిష్టి తగిలిందని అమ్మమ్మ ఉప్పు తిప్పింది. మేమేమో ఇన్‌ఫెక్షన్ అనుకుని రక్తపరీక్షలకి పంపాం. మూడో రోజు ఆ తల్లి నన్ను పక్కకి పిలిచి, "సిస్టర్, నడుంనొప్పికని ట్రమడాల్ మొదలుపెట్టా, మానలేకపోయా" అంది. ఆమె కార్డులో బీపీ, హిమోగ్లోబిన్, బరువు అన్నీ ఉన్నాయి. ఈ మాట తొమ్మిది నెలల్లో ఎవరూ అడగలేదు. మేమూ అడగలేదు.

ట్రమడాల్, కొడీన్ దగ్గుమందు, హెరాయిన్ అన్నీ నల్లమందులా పనిచేసేవే. మాయ దాటి బిడ్డకి చేరతాయి. బొడ్డు కోయగానే సరఫరా ఆగిపోతుంది, మామూలుగా ఒకటి నుంచి మూడు రోజుల్లో ఈ బాధ మొదలవుతుంది.

అలాగని "ఇవాళే మానెయ్" అని గర్భిణిని గదమాయిస్తే ఇంకో ప్రమాదం. ఒక్కసారిగా ఆపితే నెలలు నిండకముందే నొప్పులు రావచ్చు. తట్టుకోలేక మళ్ళీ మొదలుపెట్టి, మోతాదు మించి ప్రాణం మీదికి తెచ్చుకోవచ్చు. డాక్టరు కనిపెట్టుకుని, ఈ అలవాటు చికిత్సకి వాడే బ్యూప్రినార్ఫిన్ గానీ మెథడోన్ గానీ ఇవ్వడమే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లోనే చెప్పింది. అప్పుడూ బిడ్డకి కొంత బాధ ఉండొచ్చు, కానీ ముందే తెలుసు కాబట్టి చూసుకోవచ్చు. గదిలో వెలుతురు తగ్గించి, చప్పుడు లేకుండా, తల్లి గుండెల మీదే ఉంచి ఆకలైనప్పుడల్లా పాలు పట్టడం పెద్ద వైద్యం. అమెరికాలో 26 ఆసుపత్రుల్లో ఇలాంటి పద్ధతి పెట్టి చూస్తే, ఇంటికి పంపడానికి పట్టే కాలం సగటున పదిహేను రోజుల నుంచి ఎనిమిదికి దిగిందని 2023లో తేలింది.

ఆ దేశంలోనే టెన్నెసీ రాష్ట్రం 2014లో ఇలాంటి తల్లుల మీద కేసులు పెట్టే చట్టం తెచ్చింది. జైలు భయంతో చెకప్‌లకే రావడం మానేస్తున్నారని డాక్టర్లు మొత్తుకున్నారు. 2016లో గడువు తీరాక దాన్ని పొడిగించలేదు. మన దగ్గర ట్రమడాల్‌ని 2018లో మత్తుమందుల నియంత్రణ చట్టం (ఎన్‌డీపీఎస్) కిందికి తెచ్చారు. ఆ చట్టంలోనే 64ఏ సెక్షన్ ఉంది: అలవాటు పడినవాళ్ళు తమంతట తాము చికిత్సకి వస్తే, వాడకం కేసుల్లో విచారణ నుంచి రక్షణ దొరుకుతుంది. ఈ సంగతి ఆ తల్లికి ఎవరు చెప్పాలి?

ఏఎన్ఎం అడిగే ప్రశ్నల్లో "నొప్పికి, నిద్రకి, టెన్షన్‌కి ఏం బిళ్ళలు వేసుకుంటున్నావమ్మా?" అన్నదీ ఉండాలి. అదీ అత్తగారు పక్కన లేనప్పుడు అడగాలి. వ్యసన విముక్తికి కేంద్రం పెట్టిన హెల్ప్‌లైన్ 14446. మా ఊరి ఉపకేంద్రం గోడ మీద 108 ఉంది, 102 ఉంది. ఇది లేదు.

- విశ్రాంత స్టాఫ్ నర్సు, ఖమ్మం జిల్లా