గుడితోపాటు చుట్టూ ఉన్నదీ పటంలో నిలవాలి

సంపాదకులకు నమస్కారం.

మొన్న మీ జిల్లా పేజీలో వచ్చిన పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం ఫోటో చూశాను. డ్రోన్‌తో తీసింది, బాగుంది. మూడు గర్భగుళ్ల పైకప్పులూ చుట్టూ పొలాలూ చక్కగా కనిపించాయి. అయితే గుడికి పోయే మనిషి ఎవరూ దాన్ని అలా చూడరు. మండపంలో అడుగుపెట్టి, కళ్లు చీకటికి అలవాటు పడేదాకా నిలబడి, మెల్లగా చుట్టూ తిరిగి చూస్తారు. ఆ చూపును చుట్టూ తిరిగి తీసే పటంలోకి, అంటే పనోరమాలోకి, తేవాలని 30 ఏళ్లుగా తిప్పలు పడుతున్నవాణ్ని, అందుకే ఈ ఉత్తరం.

నల్లగొండలో నాకు చిన్న ఫోటో స్టూడియో ఉంది. పెళ్లిళ్లు, పదో తరగతి గ్రూపు ఫోటోలు, పాస్‌పోర్టు సైజులు, వాటి మీదే బతుకుదెరువు. 1994 ఎండాకాలంలో ఒక పెళ్లి అయిపోయాక రీల్లో 8 ఫ్రేములు మిగిలాయి. సైకిలేసుకుని పానగల్లు ఉదయసముద్రం కట్ట మీదికి పోయాను. ఒక్కచోటే నిలబడి, ఎడమ నుంచి కుడికి కొంచెం కొంచెం తిరుగుతూ ఎనిమిదీ కొట్టాను. ప్రింట్లు వచ్చాక అట్ట మీద పక్కపక్కన పేర్చి ఫెవికాల్‌తో అతికించాను. ఒక ప్రింటు నల్లగా, దాని పక్కది తెల్లగా వచ్చింది. గుట్ట అంచు ఒకచోట తెగి మెట్టులా కిందికి దిగింది. అయినా ఆ అట్ట ఇప్పటికీ స్టూడియో గోడకు ఉంది. అందులో చెరువు అడుగంతా నెర్రెలు బాసి ఉంటుంది. అలిమినేటి మాధవరెడ్డి ప్రాజెక్టు (ఏఎంఆర్‌పీ) కాలువల్లో కృష్ణా నీళ్లు రాకముందటి ఉదయసముద్రం అది. ఇవాళ అదే జాగలో నిలబడితే కనుచూపు మేర నీళ్లే. ఇది మన పానగల్లు చెరువే అంటే ఫోటోలకొచ్చే పిల్లలు నమ్మరు. ఎడమ చివరన గుట్ట ఆకారం పోల్చుకున్నాక అప్పుడు ఒప్పుకుంటారు.

మామూలు ఫోటో తీసేటప్పుడు మేం చేసే పనిలో సగం వదిలేయడమే. కరెంటు స్తంభం పడకుండా ఒక అడుగు పక్కకు జరుగుతాం. చెత్తకుప్ప పడకుండా కెమెరా కొంచెం పైకెత్తుతాం. చుట్టూ తిరిగి తీసే పటంలో ఆ వీలు లేదు. స్తంభమూ పడుతుంది, కుప్పా పడుతుంది, పక్కింటి రేకుల షెడ్డూ పడుతుంది. ఊరికి సాక్ష్యం కావాలంటే దానంత గట్టిది నాకు ఇంకోటి కనిపించలేదు.

ఛాయా సోమేశ్వరం సంగతే చూడండి. కందూరు చోళుల నాటి త్రికూటాలయం. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద పగలంతా కదలకుండా ఉండే నీడను చూడటానికే జనం వస్తారు. ఫోన్ తీసి ఆ నీడనే పట్టుకుపోతారు. ఫ్లాష్ వెలిగిందంటే అదీ ఉండదు, ఉత్త గోడ వస్తుంది. ఫ్లాష్ లేకుండా తీసినా నీడ ఒక్కటే దొరుకుతుంది, అది ఎందుకు పడుతోందో ఫోటోలో ఉండదు. గర్భగుడి ముందర స్తంభాలున్నాయి. పక్కల నుంచి చెదిరి లోపలికొచ్చే వెలుతురుకు అవి అడ్డం నిలుస్తాయి. మండపం నడుమ కెమెరా పెట్టి చుట్టూ తీస్తే నీడా, అడ్డం నిలిచిన స్తంభాలూ, వెలుతురొచ్చే దారులూ ఒకే పటంలో పక్కపక్కన కూర్చుంటాయి. పోయిన చలికాలం పూజారి గారు పొద్దున్నే తలుపు తీసి, భక్తులు వచ్చేలోపు ఒక గంట ఇచ్చారు. లోపల చీకటి, బయట కళ్లు చెదిరే వెలుగు కాబట్టి ప్రతి దిక్కుకూ మూడేసి తీశాను. ఒకటి బయటి వెలుగుకు, ఒకటి గర్భగుడికి, ఒకటి నడిమధ్యకు. అంతా కలిసి 30 ఫ్రేములు. నాలుగడుగుల ప్రింటు వేయించి మా వీధి బడిలో ఫిజిక్స్ చెప్పే సారుకు ఇచ్చాను. ఆయన పిల్లల చేత దాని మీద వేలితో వెలుతురు దారి గీయించారు.

ఫోన్లో పనోరమా అని నొక్కితే చాలు కదా అనేవాళ్లున్నారు. దూరంగా ఉన్న గుట్టలకు చాలు. దగ్గరి గోడ మాత్రం నడుమ ఉబ్బి, చివర్లు సన్నబడి విల్లులా వంగుతుంది. నడిచిపోతున్న మనిషి సగమే పడతాడు. నేనూ పెద్ద కెమెరా పెట్టుకునే తప్పు చేశాను. పాలమూరు పిల్లలమర్రి మూడెకరాలకు పైగా పరుచుకున్న చెట్టు, దాని కింద నిలబడితే ఏ లెన్సుకూ ఒక్క ఫ్రేములో దొరకదు. మొదటిసారి చుట్టూ తీసి అతికిస్తే దగ్గరున్న ఒక ఊడ రెండు ఊడలయ్యింది, దాని వెనకది సగమే మిగిలింది. కెమెరాను తిప్పినప్పుడు లెన్సులోకి వెలుతురు దూరే చోటు జరగకూడదు. నేను ట్రైపాడ్ స్క్రూ ఉన్నచోట తిప్పాను, అది వెనక్కి ఉంటుంది.

ఇంటికొచ్చి రెండు అగరుబత్తీలతో సరిచేసుకున్నాను. ఒకటి కెమెరాకు మూరెడు దూరంలో, రెండోది గది ఆ చివర, ఒకదాని వెనక ఒకటి దాగేలా నిలబెట్టాలి. కెమెరాను అటూ ఇటూ తిప్పి చూడాలి. వెనకది పక్కకు తొంగిచూసిందంటే కెమెరాను, ట్రైపాడ్ మీద బిగించుకున్న ఇనప పట్టీ మీద ఇంకొంచెం వెనక్కి జరపాలి. ఎంత తిప్పినా రెండు బత్తీలూ ఒక్కటిగానే ఉన్నాయంటే అదే చోటు. ఒక పూటంతా పట్టింది. మేకుతో పట్టీ మీద గీసుకున్న ఆ గీత ఇప్పటికీ ఉంది. ఇక మిగిలింది ఓపికే. నా 24 మి.మీ. లెన్సుకు కెమెరాను నిలువుగా పెట్టి, మట్టం చూపే బుడగ మధ్యకొచ్చేలా ట్రైపాడ్ సరిచేసి, చుట్టూ 10 ఫ్రేములు, ఒకదాని మీద ఒకటి మూడో వంతు పడేలా తీస్తాను. వెలుతురు కొలతా రంగుల కొలతా మొదటి ఫ్రేములో ఏది పెడితే చివరిదాకా అదే ఉండాలి. నా 1994 అట్టలో ఒక ముక్క నల్లగా, ఒక ముక్క తెల్లగా వచ్చింది అది తెలియకే.

ఆ పిల్లలమర్రిలోనే 2017 డిసెంబరులో ఒక పెద్ద కొమ్మ కూలిపోయింది. చెదలు తొలిచేశాయని తేల్చారు. సందర్శకులను ఆపి, 2018లో సెలైన్ సీసాలు కట్టి మందు ఎక్కించారు. ఆ సీసాల ఫోటోలు దేశమంతా చూసింది. కూలకముందు ఆ కొమ్మ ఎంత వంగి ఉండేదో, దాని ఊడలు నేలకు దిగాయో లేదో చూద్దామని నా పాత నెగిటివ్‌లన్నీ వెతికాను. చెట్టు ముందు వరుసగా నిలబడ్డ పిక్నిక్ పిల్లలున్నారు. కొమ్మ లేదు.

కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని తలుచుకుంటే నాకు ఇంకా బాధ. తుంగభద్ర కృష్ణలో కలిసే చోట ఉన్న ఆ గుడిని శ్రీశైలం ముంపు నుంచి కాపాడటానికి రాయి రాయిగా విప్పి, అలంపురం తెచ్చి మళ్లీ కట్టారు. ఎంత గొప్ప పని! కానీ దాని గడపలో నిలబడితే ఒకప్పుడు రెండు నదులూ ఎలా కనిపించేవి? రేవు ఎటు, ఊరు ఎటు? గుడిని మోసుకు రాగలిగాం, దాని ముందున్న నీళ్లను, ఆకాశాన్ని తేలేం. సాగర్ నీళ్లలో మునిగిన నాగార్జునకొండ లోయదీ అదే కథ.

ఇది గడిచిపోయిన ముచ్చట అనుకోకండి. మా జిల్లాలో డిండి ఎత్తిపోతల, పక్కన పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల. వాటి జలాశయాల కింద ఊళ్లు, తండాలు పోతున్నాయి. నీళ్లు రావాల్సిందే, నేను కాదనను. ఫ్లోరైడు నీళ్లు తాగిన జిల్లా మాది. ఒకరోజు ముంపు ఊరి నుంచి ఒక పెద్దమనిషి స్టూడియోకు వచ్చి, "తమ్మీ, మా తమ్ముని పెండ్లి నువ్వే తీసినవు గద. దాంట్ల మా ఇల్లేమన్న పడ్డదా?" అని అడిగాడు. పాత కేసెట్టు వెతికి తిప్పాను. బరాత్ వెనకాల నాలుగు సెకండ్ల పాటు వాళ్ల అరుగు కనిపించింది, అరుగు మీద పళ్లెం పట్టుకుని వాళ్ల అమ్మ. అక్కడ ఆపి ప్రింటు తీసిచ్చాను. మసక మసకగా ఉంది. రెండు చేతులతో పట్టుకుని తీసుకుపోయాడు. మూడు గంటల పెళ్లి తీశాను నేను. ఒక్కసారి ఊరి నడుమ నాటిన బొడ్రాయి పక్కన నిలబడి చుట్టూ తిరిగి తీసి ఉంటే ఊరు ఊరంతా వచ్చేది. గుడి, రచ్చకట్ట, కిరాణా కొట్టు, ఎవరి అరుగు ఎటు, అంతా. చుట్టు పటానికి బొడ్రాయి కన్నా సరైన జాగ ఊళ్లో ఇంకెక్కడుంటుంది?

అడ్డంకి ఒకటుంది, అదీ చెప్పాలి. రెండేళ్ల కింద ఒక పాత గుడికి పోతే ట్రైపాడ్ చూసి, "మూడు కాళ్లది పెట్టనీయం, కాయితం తెచ్చుకో" అన్నారు. కాయితం కోసం ఒక ఆఫీసుకు పోతే ఇంకో ఆఫీసుకు పంపారు. నాలుగో తిరుగుడుకు దొరికింది. సంతోషంగా పోయి చూస్తే మండపం స్తంభాలకు ఆయిలు పెయింటు వేసేశారు, రాతి గచ్చుకు బెజ్జాలు కొట్టి స్టీలు రెయిలింగు బిగించారు. పెయింటు కింద చెక్కడం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చేత్తో తడిమితేనే తెలుస్తోంది. ఆ నాలుగు తిరుగుళ్లలో మొదటి రోజే తీయనిచ్చి ఉంటే, రేపు ఎవరైనా ఆ రంగు గీకించాలనుకున్నప్పుడు నా పటం పనికొచ్చేది. కేంద్ర పురావస్తు శాఖ 2018 జులైలో తన కట్టడాల్లో ఫోటోల మీది ఆంక్షను ఎత్తేసింది. తాజ్‌మహల్ సమాధి మందిరం, అజంతా గుహలు, లేహ్ ప్యాలెస్ మాత్రమే మినహాయింపు. జేబులో ఫోన్ ఉన్నవాళ్లకు అది మేలు చేసింది. కదలకుండా నిలబెట్టి తీయాల్సినవాళ్లకూ ఒక దారి ఉండాలి.

నేను కోరేది పెద్ద ఖర్చు పని కాదు. ప్రతి పాత గుడిలో, కోటలో, చెరువు కట్ట మీద ఒక చోటు ఎంచి, అక్కడ నేలలో చిన్న గుర్తు రాయి నాటాలి. ఏడాదికోసారి, అదే నెలలో, అదే ఎత్తున కెమెరా పెట్టి ఒక చుట్టు తీయాలి. మరమ్మతు పని ఏదైనా మొదలుపెట్టేముందు ఒకటి, అయిపోయాక ఒకటి తప్పకుండా తీయాలి. అందుకోసం వచ్చేవాళ్లకు జనం లేని వేళలో గంటసేపు ట్రైపాడ్ పెట్టుకునే అనుమతి అక్కడికక్కడే దొరకాలి. పటాలు తేదీతో, నిలబడ్డ చోటుతో సహా జిల్లా గ్రంథాలయంలో ఎవరడిగినా చూపేలా ఉండాలి. ఫోన్లలో పంపుకునేవి చిక్కిపోయి, చివరికి ఏ రాయి ఏదో తెలియకుండా పోతాయి. మీరు కూడా ఆదివారం సంచికలో నడిమి రెండు పేజీలు కలిపి నెలకు ఒక చుట్టు పటం వేయండి. అలంపురం నవబ్రహ్మ ఆలయాలు, దేవరకొండ కోట, శ్రీరంగాపురం గుడి చుట్టూ ఉన్న చెరువు, సోమశిల దగ్గర కృష్ణ, ఇవన్నీ అడ్డంగా పరుచుకుని ఉండేవే. పేపర్లో రెండు కాలమ్‌ల ఫోటోలో ఇమడవు.

నా దగ్గరున్న నెగిటివ్‌లు, ఆ 1994 అట్టతో సహా, గ్రంథాలయానికి ఇస్తాను. అప్పుడు నేను నిలబడ్డ జాగ నాకు గుర్తుంది, తూము నుంచి 42 అడుగులు. వచ్చే మే నెల మొదటి ఆదివారం పొద్దున ఆరున్నరకు అక్కడే ట్రైపాడ్ పెడతాను. నేర్చుకోవాలనుకునే పిల్లలు ఏ కెమెరా ఉంటే అది పట్టుకుని రావచ్చు. అగరుబత్తీలు నేను తెస్తాను.

ఇట్లు
ఒక ఫోటో స్టూడియో యజమాని, నల్లగొండ