ప్లాస్మా ఆక్సీకరణ అంకె దేన్ని చెబుతుంది?

సంపాదకుల వారికి నమస్కారం.

రక్తపు ప్లాస్మాలో ఆక్సీకరణను కొలిచి రక్తనాళాల జబ్బు ముప్పును ముందే పసిగట్టవచ్చంటూ మీ ఆరోగ్య పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. రాసినవారి ఉత్సాహం నాకు అర్థమైంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ బయోకెమిస్ట్రీ ప్రయోగశాలలో నమూనా ఎంత కాంతిని పీల్చుకుందో కొలిచే స్పెక్ట్రోఫోటోమీటర్ ముందు కూర్చుని ఆ ఆక్సీకరణ గీతలే గీయించినదాన్ని నేను. ఆ పరీక్ష వెనకున్న రసాయనశాస్త్రం మీద నాకు ఇప్పటికీ మోజు పోలేదు. అయితే "నలభై దాటిన ప్రతి ఒక్కరూ ఈ పరీక్ష చేయించుకోవాలి" అన్న చివరి వాక్యం దగ్గర మాత్రం కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదివాను. ఆ వాక్యానికి ఆధారం లేదు.

పరీక్షలో అసలు ఏం జరుగుతుందో వ్యాసంలో లేదు కాబట్టి ముందు అది చెబుతాను. రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, పైన తేరిన ప్లాస్మాను తీసుకుంటాం. ఆమ్లత మారనివ్వని బఫర్ ద్రావణంతో బాగా పలుచన చేసి చిటికెడు రాగి లవణం కలుపుతాం. ఇక రాగి అయాన్లు కొవ్వుల పని పడతాయి. నిల్వ ఉన్న నూనె ముక్కిపోయిన వాసన వేయడానికి కారణమయ్యే చర్యే ఇది, అక్కడ నెలలు పట్టేది ఇక్కడ గంటల్లో ముగుస్తుంది. కొవ్వు ఆమ్లాల్లోని ద్విబంధాలు స్థానం మారి, ఒకటి విడిచి ఒకటిగా ద్విబంధాలుండే కాంజుగేటెడ్ డయీన్లు ఏర్పడతాయి. అవి 234 నానోమీటర్ల దగ్గర అతినీలలోహిత కాంతిని పీల్చుకుంటాయి. యంత్రం దాన్ని కనిపెట్టుకుని ఉండి గీత గీస్తుంది. చాలాసేపు ఆ గీత నేలబారుగానే సాగుతుంది. ఆ వ్యవధిని ల్యాగ్ టైమ్ అంటాం. విటమిన్ సి, యూరిక్ ఆమ్లం, విటమిన్ ఇ లాంటివి కొవ్వుల తరఫున తాము ఖర్చయిపోతున్న కాలం అది. అవి నిండుకోగానే గీత చివాలున పైకి లేస్తుంది. మొదటిసారి ఆ మలుపు చూసిన విద్యార్థి ఎవరైనా కుర్చీలోంచి లేచి నిలబడాల్సిందే.

ఈ పద్ధతిని ఆస్ట్రియాకు చెందిన హెర్మన్ ఎస్టర్‌బావర్ బృందం 1989లో ప్రచురించింది. వాళ్లు వాడింది ప్లాస్మా కాదు, దాన్నుంచి వేరుచేసిన ఎల్‌డీఎల్ కణాలు, అంటే రక్తంలో కొలెస్టరాల్‌ను మోసే కణాలు. వాటిని వేరుచేయాలంటే అల్ట్రాసెంట్రిఫ్యూజ్ ఉండాలి, మనిషి గంటల తరబడి దాన్ని అంటిపెట్టుకుని ఉండాలి. మామూలు ల్యాబుల వల్ల అయ్యే పని కాదు. అందుకే తరవాతి వాళ్లు నేరుగా ప్లాస్మానే ఆక్సీకరించి చూడటం మొదలుపెట్టారు. పని తేలికయింది గానీ, వచ్చిన అంకెలో ఎవరి వాటా ఎంతో తేల్చడం కష్టమయింది. ప్లాస్మాలో అల్బుమిన్ అనే ప్రోటీన్ ఉంటుంది, అది రాగిని పట్టేసుకుంటుంది. భోజనం చేసి వచ్చినవారి ప్లాస్మాలో ట్రైగ్లిజరైడ్లనే కొవ్వులు ఎక్కువ ఉంటాయి, దాంతో గీత ఆకారమే మారుతుంది.

అసలు ఆక్సీకరణ మీద ఇంత ఆసక్తి ఎందుకంటే, దానికి గట్టి కారణమే ఉంది. ధమనుల్లో పూడిక మొదలయ్యేచోట కొవ్వు నిండిన ఫోమ్ కణాలు కనిపిస్తాయి. అవి చాలావరకు మాక్రోఫేజ్‌లు, అంటే చెత్తను మింగే రోగనిరోధక కణాలు. కానీ మాక్రోఫేజ్‌లకు మామూలు ఎల్‌డీఎల్ ఎంత ఇచ్చినా పెద్దగా పట్టించుకోవు. రసాయనికంగా మార్చిన ఎల్‌డీఎల్‌ను మాత్రం అదుపు లేకుండా మింగుతాయని గోల్డ్‌స్టీన్, బ్రౌన్‌లు 1979లో చూపించారు. శరీరంలో ఆ మార్పు తెచ్చేది ఆక్సీకరణే కావచ్చని డేనియల్ స్టైన్‌బర్గ్ బృందం 1980ల్లో వరసగా ప్రయోగాలు చేసి వాదించింది. ఆ వాదన ఇప్పటికీ నిలబడే ఉంది. అయితే ఆ ఆక్సీకరణ జరిగేది ధమని గోడ లోపలి పొరలో. పారే రక్తంలో కాదు. ప్లాస్మాలో విటమిన్ సి మిగిలి ఉన్నంతసేపు కొవ్వుల పెరాక్సీకరణ కనిపించేంతగా మొదలు కాదని ఫ్రై, స్టాకర్, ఏమ్స్ 1988లోనే చూపారు. అంటే కొవ్వులకు బందోబస్తు గట్టిగా ఉన్న చోటి నుంచి నమూనా తీసి, లేని చోట ఏమవుతోందో ఊహిస్తున్నామన్నమాట. పైగా శరీరంలో రాగి ఇలా విడిగా తిరగదు. సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీన్‌లోనూ అల్బుమిన్‌తోనూ బంధించి ఉంటుంది. ధమని గోడలో ఆక్సీకరణ చేసేవి ఎవరంటే, అనుమానం ఎక్కువగా మైలోపెరాక్సిడేజ్ లాంటి ఎంజైముల మీదే.

యూరిక్ ఆమ్లం సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. నన్నడిగితే ఈ మొత్తం వ్యవహారంలో జనానికి తెలియాల్సిన ముక్క ఇదే. ఫ్రాప్ అని ఇంకో పరీక్ష ఉంది, బెంజీ, స్ట్రెయిన్ 1996లో ప్రకటించారు. ప్లాస్మా 'మొత్తం యాంటీఆక్సిడెంట్ శక్తి'ని, అంటే ఆక్సీకరణను అడ్డుకునే శక్తిని, ఒక్క అంకెలో చెబుతుంది. ఆ అంకెలో సగానికి పైగా యూరిక్ ఆమ్లానిదే. కిడ్నీలు సరిగా పనిచేయనివారిలో యూరిక్ ఆమ్లం పేరుకుపోతుంది, కాబట్టి వాళ్ల యాంటీఆక్సిడెంట్ శక్తి కాగితం మీద దివ్యంగా కనబడుతుంది. వాస్తవంలో గుండె, రక్తనాళాల జబ్బులు ఎక్కువగా వచ్చేది సరిగ్గా వాళ్లకే. డయాలిసిస్‌కు వెళ్లే మనిషికి "మీ రక్షణ అమోఘం" అని రిపోర్టు ఇచ్చే పరీక్షను నలభై దాటిన అందరికీ ఎలా సిఫారసు చేస్తాం?

నమూనా తీసే దగ్గర జరిగేవి మరీ చిన్నవి, ఫలితాన్ని మాత్రం తలకిందులు చేస్తాయి. ఊదా మూత ట్యూబులో ఈడీటీఏ ఉంటుంది. అది రాగిని కట్టిపడేస్తుంది. ఆ ట్యూబులో తీసిన రక్తానికి రాగి పరీక్ష చేస్తే ల్యాగ్ టైమ్ అబద్ధంగా సాగిపోతుంది, రోగికి లేని ఆరోగ్యం వచ్చేస్తుంది. ఆకుపచ్చ మూత హెపారిన్ ట్యూబుతో ఆ గొడవ ఉండదు. సూది సరిగా పడక ఎర్ర కణాలు పగిలితే హీమోగ్లోబిన్‌లోని ఇనుము వచ్చి కలుస్తుంది. ప్లాస్మాను వేరుచేయకుండా బల్ల మీద వదిలేస్తే విటమిన్ సి దానంతటదే తరిగిపోతుంది. ఆక్సీకరణ చెందిన కొవ్వుల కోసం థయోబార్బిట్యూరిక్ ఆమ్లం వేసి గులాబీ రంగు కొలిచే పరీక్షయితే మరీ దయగలది, చక్కెరలకూ బిలిరుబిన్‌కూ కూడా రంగు ఇచ్చేస్తుంది.

నమ్మదగిన కొలతలు లేవని కాదు. కొవ్వు ఆమ్లం ఆక్సీకరణ చెందినప్పుడు పుట్టే ఎఫ్2-ఐసోప్రోస్టేన్లను మారో, రాబర్ట్స్ 1990లో కనుగొన్నారు. వాటిని మాస్ స్పెక్ట్రోమీటర్‌తో కొలిస్తే శరీరంలో నిజంగా జరిగిన ఆక్సీకరణ ఆనవాలు దొరుకుతుంది. పొగ తాగేవారిలో అవి ఎక్కువ ఉంటాయి, మానేస్తే తగ్గుతాయి. కానీ ప్లాస్మాను మైనస్ 20 డిగ్రీల మామూలు ఫ్రీజర్‌లో దాస్తే అవి అక్కడ కూడా పుడతాయి. మైనస్ 70 కంటే చల్లగా దాచాలి. ఆక్సీకరణకు గురైన ఫాస్ఫోలిపిడ్లను (ఒక రకం కొవ్వులు) యాంటీబాడీలతో కొలిచే పరీక్షకు కూడా మంచి ఆధారాలున్నాయి. ఆ ఫాస్ఫోలిపిడ్లను రక్తంలో ఎక్కువగా మోసేది లైపోప్రోటీన్(ఎ) అనే, ఎల్‌డీఎల్‌ను పోలిన కణం. దాన్ని జీవితంలో ఒక్కసారైనా కొలవమని 2019 ఐరోపా మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ పని ఏ రాగి లవణమూ లేకుండా అయిపోతుంది.

ఈ మధ్య మా ఆడపడుచు కొడుకు ఇలాంటి రిపోర్టే పట్టుకొచ్చాడు. రంగురంగుల కాగితం, 'ఆక్సిడేటివ్ స్ట్రెస్' అన్న గడిలో ఎర్రటి బాణం.

"అత్తయ్యా, ఇది ఎరుపులో ఉంది, నా సంగతి అయిపోయినట్టేనా?" అన్నాడు.

"బీపీ ఎంతరా?"

"చూపించుకోలేదు."

"సిగరెట్లు?"

నవ్వాడు. రిపోర్టుతోపాటే అమ్మిన విటమిన్ క్యాప్సూల్స్ మాత్రం వేళ తప్పకుండా వేసుకుంటున్నాడట. ఏ ట్యూబులో రక్తం తీశారో, ఏ పద్ధతిలో కొలిచారో ఆ కాగితంలో ఎక్కడా లేదు. వాడిని ముందు బీపీ చూపించుకోమని పంపాను.

ఆ క్యాప్సూల్స్ దగ్గరే అసలు ప్రశ్న ఉంది. విటమిన్ ఇ మింగినవారి ఎల్‌డీఎల్‌కు ల్యాగ్ టైమ్ పెరుగుతుంది, సందేహం లేదు. గీత కుడివైపు జరుగుతుంది. మరి గుండెపోట్లు తగ్గాయా? 2000లో వెలువడిన హోప్ అధ్యయనంలో విటమిన్ ఇ రోజుకు 400 యూనిట్లు ఇచ్చారు, ప్రయోజనం కనబడలేదు. 2002లో వచ్చిన హార్ట్ ప్రొటెక్షన్ స్టడీ ఇంకా స్పష్టంగా చెప్పింది. బ్రిటన్‌లో 20,536 మందిని తీసుకుని, రెండు ప్రశ్నలను ఒకే అధ్యయనంలో అడిగారు. ఒకటి విటమిన్ ఇ, సి, బీటా కెరోటిన్ కలిపి ఇస్తే ఏమవుతుందని, రెండోది కొలెస్టరాల్ తగ్గించే మందు సింవాస్టాటిన్ 40 మిల్లీగ్రాములు ఇస్తే ఏమవుతుందని. విటమిన్లు వేసుకున్నవారి రక్తంలో వాటి మోతాదు బాగా పెరిగింది, గుండెపోట్లు, పక్షవాతాలు మాత్రం తగ్గలేదు. సింవాస్టాటిన్ వేసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం లాంటి పెద్ద రక్తనాళ ఘటనలు దాదాపు పావు వంతు తగ్గాయి. అంతకు ముందే 1994లో ఫిన్లాండ్‌లో పొగ తాగే మగవారికి బీటా కెరోటిన్ ఇస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగింది. ఆక్సీకరణ సిద్ధాంతం తప్పని వీటితో తేలిపోదు, ఆ విటమిన్లు ధమని గోడలో చేరాల్సిన చోటికి చేరలేదేమో కూడా. కానీ మందు వేస్తే అంకె మారి, జబ్బు మారకపోతే, ఆ అంకె చూసి మందు రాయడం కుదరదు.

వయసు, బీపీ, పొగ, కొలెస్టరాల్, మధుమేహం. అమెరికాలో 1948లో మొదలైన ఫ్రామింగ్‌హామ్ గుండెజబ్బుల అధ్యయనం నుంచి వచ్చిన ఈ జాబితా చూడటానికి చప్పగానే ఉంటుంది, ఆరోగ్య పేజీకి శీర్షికగా పనికిరాదు. కొత్త పరీక్ష ఏదైనా వీటిని దాటి అదనంగా ఏం చెబుతోందో చూపాలి. అదే మనిషికి వారం తరవాత చేస్తే అదే అంకె రావాలి. రెండు ల్యాబుల్లో చేయిస్తే రెండు కథలు చెప్పకూడదు. రాగితో చేసే ప్లాస్మా పరీక్షకు అన్ని ల్యాబులూ ఒప్పుకున్న కొలమానం లేదు, మామూలు స్థాయి ఇదీ అన్న ఉమ్మడి హద్దూ లేదు. రెండు గుంపులను పోల్చే పరిశోధనకు అది మంచి సాధనం. నేను దాన్ని అందుకే వాడాను.

వ్యాసకర్త గారికి ఒక మనవి. వారు చెప్పిన పరీక్షలో ఆక్సీకరణను మొదలుపెట్టేది రాగా, వేరే రసాయనమా? రక్తం ఏ ట్యూబులో తీస్తారు? ఫలితంలో యూరిక్ ఆమ్లం వాటాను తీసివేస్తున్నారా? ఈ మూడింటికీ జవాబులు రాసి పంపితే, దయచేసి వ్యాసం వచ్చిన ఆ పేజీలోనే ప్రచురించండి.

ఇట్లు,
విశ్రాంత బయోకెమిస్ట్రీ అధ్యాపకురాలు