గాలిని మీటే కాలు

ఒరేయ్ మిత్రమా,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలు దాటింది. ఈపాటికి నన్ను ఎన్ని తిట్లు తిట్టుకుని ఉంటావో ఊహించగలను. అన్నీ ఒప్పుకుంటున్నాను. ఈ మూడు వారాలూ రోజూ సాయంత్రం నేను ఒంటికాలి మీద తపస్సు చేస్తున్నాను, అదీ మెడలో గిటార్ వేసుకుని. ఎడమ పిక్క రాయిలా బిగుసుకుపోయింది. కుడికాలు మాత్రం ఇంత వయసు వచ్చాక కొత్తగా సంగీతం నేర్చుకుంటోంది.

సంగతి ఏమిటంటే, ఒక ఫజ్ పెడల్, అంటే గిటార్ నాదాన్ని కావాలని బొంగురుపరిచే, కాలితో తొక్కే పెట్టె, అరువు తెచ్చుకున్నాను. నువ్వు పెదవి విరవడం ఇక్కడి నుంచే కనిపిస్తోంది. మనం కలిసి వాయించే రోజుల్లో నేను ఫజ్ స్విచ్ తొక్కగానే నువ్వు వయొలిన్ కింద పెట్టేసి, "పగిలిన స్పీకరు మళ్ళీ మొదలుపెట్టింది" అనేవాడివి. అప్పట్లో ఉక్రోషం వచ్చేది కానీ చరిత్ర నీ పక్షానే ఉంది. 1961లో విడుదలైన ఒక పాటను అమెరికాలోని నాష్‌విల్‌లో రికార్డు చేస్తుండగా, శబ్దాలను కలిపే మిక్సింగ్ కన్సోల్‌లో ఒక ఛానెల్ చెడిపోయి, గిటారిస్టు గ్రేడీ మార్టిన్ వాయిస్తున్న బేస్ గిటార్ బొంగురుపోయి చీలికలుగా వినిపించింది. దాన్ని తీసిపారేయకుండా పాటలోనే ఉంచేశారు. ఆ తరువాత ఆ రికార్డింగు ఇంజినీరు గ్లెన్ స్నాడీ అదే చెడిన గొంతును కావాలని పుట్టించే సర్క్యూట్ తయారు చేశాడు. 1962లో గిబ్సన్ వాళ్ళు దాన్ని మేస్ట్రో ఫజ్ టోన్ అనే పెట్టెగా అమ్మకానికి పెట్టారు. కాబట్టి నీ చెవి తప్పు చెప్పలేదు. ఆ పగులే మాకు కావలసింది.

ఇప్పుడు నా దగ్గరున్నది ఆ వంశంలో కాస్త తిక్క శాఖకు చెందినది. మినియాపొలిస్‌కు చెందిన జాకరీ వెక్స్ 1990ల నడుమ ఫజ్ ఫ్యాక్టరీ అని ఒక పెడల్ చేశాడు. అందులో రెండు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, పైన ఐదు నాబ్‌లు. ఆ ఐదూ తోడికోడళ్ళ లాంటివి, ఒకరిని కదిపితే మిగతా నలుగురూ కదులుతారు. వాటిలో నిలకడను పట్టి ఉంచే స్టాబ్ అనే నాబ్‌ను తిప్పుతూ పోతే సర్క్యూట్ అదుపు తప్పి తనంతట తానే కూయడం మొదలుపెడుతుంది. తిప్పే కొద్దీ ఆ కూత జారుతూ ఉంటుంది. నేను తెచ్చుకున్న ఫజ్ ప్రోబ్ దానికి తోబుట్టువు. ఇందులో స్టాబ్ పనిని ఒక రాగి పలకకు అప్పగించారు. పలకను ముట్టుకోనక్కరలేదు. దాని పైన గాలిలో పాదం ఆడిస్తే చాలు, కూత పాదం వెంట వస్తుంది.

మంత్రమేమీ లేదు. రాగి పలక ఒక వైపు, నా అరికాలు మరో వైపు, మధ్యలో గాలి. మూడూ కలిస్తే విద్యుత్తును కాస్త నిలవ ఉంచే ఒక చిన్న కెపాసిటర్. పాదం కదిలినప్పుడు దాని విలువ పికోఫారడ్లలో మారుతుంది, అంటే దాదాపు ఏమీ లేనంత. అయినా ఆ కాస్త మార్పును పట్టుకునే ఉపాయాన్ని రష్యాలో లెవ్ థెర్మిన్ 1920 ప్రాంతంలోనే కనిపెట్టాడు. ఆయన పేరుతోనే ఉన్న థెరమిన్ వాద్యం దీని మీదే నడుస్తుంది. అందులో చేతి కదలిక స్వరాన్నే మారుస్తుంది. ఇక్కడ పాదం కదలిక ఫజ్‌లోని నిలకడను మారుస్తుంది, అంతే తేడా.

మొదటి రోజు నా అవస్థ చెప్పుకోవాలి. పాదంతో ముందుకూ వెనక్కూ వంచే మామూలు వావా పెడల్‌కు పైన ఒక హద్దు, కింద ఒక హద్దు ఉంటాయి. ఎక్కడున్నావో పాదానికి తెలుస్తుంది. దీనికి హద్దు లేదు, గిటార్ మీద స్వరస్థానం చూపే మెట్టులాంటి ఫ్రెట్ లేదు, ఆనుకోవడానికి ఏమీ లేదు. పైగా దూరానికీ మార్పుకూ మధ్య లెక్క సమంగా ఉండదు. పాదం ఎత్తులో ఉన్నప్పుడు ఎంత ఊపినా పెడల్ ఉలకదు పలకదు. పలకకు బాగా దగ్గరయ్యాక వెంట్రుకవాసి కదిలితే కొంప మునిగినట్టు అరుస్తుంది. నేను గాలిలో కాలు వేలాడదీసి ఊగుతూ నిలబడితే, నా ఊగిసలాట మొత్తం యాంప్‌లోంచి వినిపించింది. ఒంట్లో ఇంత వణుకు ఉందని అంతవరకు నాకు తెలియదు.

అప్పుడు గుర్తొచ్చింది, నువ్వే ఒకసారి క్లారా రాక్‌మోర్ గురించి చెప్పావు. నీలాగే వయొలిన్‌తో మొదలుపెట్టి, శరీరం సహకరించక దాన్ని వదిలేసి, థెరమిన్ పట్టిన మనిషి. గాలిలో చెయ్యి ఊపి స్వరం వెతుక్కోకుండా వేళ్ళు ముడిచే, చాచే భంగిమలకు స్థానాలు కట్టింది కదా. నేనూ అదే దారి పట్టాను. మడమను పెడల్ ముందు నేల మీద నాటేశాను. ఇక కదిలేది మునివేళ్ళే. మడమ కదలకపోతే పాదం వంపే కొలత. వారం తిరిగేసరికి మూడు వంపులు కుదిరాయి: మామూలు ఫజ్, గరగరలాడే అంచు, పూర్తి కూత. మూడింటి మధ్య ఉన్నది ఇంకా అడవే. (తపస్సు కూడా అప్పటి నుంచి సగమే అనుకో. మడమ ఆనింది కదా.)

అసలు మజా ఇక్కడ ఉంది, నిదానంగా చదువు. తీగ గట్టిగా మోగుతున్నంతసేపు ఆ కూత దాని కింద అణిగి ఉంటుంది. నాదం సన్నగిల్లే కొద్దీ లోపలిది గొంతు సవరించుకుంటుంది. ఒక దశలో రెండూ ఒకదాన్ని ఒకటి గుంజుకుంటాయి, స్వరం చిరుగుతుంది, చివరికి తీగ ఓడిపోయి పెడల్ పైకి వస్తుంది. ఆ పైకి వచ్చిన గొంతును పాదంతో నెమ్మదిగా జార్చి, నేను తరువాత మీటబోయే స్వరం దగ్గరకు తీసుకువెళ్ళి నిలబెట్టి, అప్పుడు తీగ మీటితే! రెండు స్వరాల మధ్య ఖాళీని కాలు పాడింది. నీ వయొలిన్ మీద గమకం వింటూ కుళ్ళుకునేవాణ్ణి, గుర్తుందా? ఫ్రెట్ల వాద్యం వాడికి ఆ జారుడు ఇన్నాళ్ళకు కాలి ద్వారా దొరికింది. పదిసార్లలో రెండుసార్లే కుదురుతుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. మిగతా ఎనిమిదిసార్లు పిల్లి తోక తొక్కినట్టే.

దీని మూలంగా నా వాయింపు మారిపోయింది. స్వరం పూర్తిగా ఆరిపోయేదాకా ఆగితేనే పెడల్ మాట్లాడుతుంది కనుక, ఆగడం తప్పనిసరి అయింది. పదహారు స్వరాలు కుక్కే చోట ఇప్పుడు మూడు వాయిస్తున్నాను. నువ్వు పదేళ్ళు మొత్తుకున్నా వినని పని ఇది.

వాడే తీరులో కొన్ని తెలిశాయి. గిటార్ కేబుల్ నేరుగా దీనిలోకే వెళ్ళాలి, మధ్యలో బఫర్ (సిగ్నల్‌ను బలపరిచి పంపే సర్క్యూట్) ఉన్న పెడల్ ఏది పెట్టినా దీని స్వభావం మారిపోతుంది. గిటార్ వాల్యూమ్ కాస్త తగ్గిస్తే కూత కూడా స్థానం మారుస్తుంది, అంటే చిటికెన వేలు, పాదం కలిసి ఒకే గొంతును నడుపుతాయి. గేట్ అనే నాబ్ బిగిస్తే వాయించనప్పుడు నిశ్శబ్దంగా ఉంటుంది, కానీ నేను చెప్పిన ఆ సన్నని చివరి నాదాన్ని కూడా అదే కోసేస్తుంది. అందుకే వదులుగానే ఉంచి, రొదను భరిస్తున్నాను. ఇంకొకటి, గిటార్ తీగలన్నీ లోపల ఎర్త్‌కు కలిసి ఉంటాయి కాబట్టి, వాటిని తాకినప్పుడు ఒంటిని పలక ఒకలా చూస్తుంది, చెయ్యి ఎత్తేస్తే మరోలా చూస్తుంది. పాదం కదపకుండానే కూత ఎందుకు ఉలిక్కిపడుతోందో తెలియక రెండు రోజులు తల పట్టుకున్నాను. ఇప్పుడు అరచేయి ఎప్పుడూ తీగల మీదే.

నాబ్‌ల స్థానాలు పెన్సిల్‌తో గీసుకున్నానని చెబితే నవ్వుతావు. జెర్మేనియం వేడికి లొంగే జాతి. గది వెచ్చబడితే లోపలి ప్రవాహాలు మారతాయి, పొద్దున గీసిన గీత మధ్యాహ్నానికి పనికిరాదు. రోజూ మొదటి పది నిమిషాలు దానితో పరిచయం మళ్ళీ మొదటి నుంచి. నీ వయొలిన్ శ్రుతి చేసుకోవడం కంటే ఇదేమీ ఎక్కువ కాదులే.

పెడల్ తిరిగి ఇచ్చేయాల్సిన గడువు పోయిన వారమే దాటింది. ఇచ్చినాయన అడగలేదు, నేను గుర్తు చేయలేదు. ఈ లోపు నువ్వు ఒకసారి రా. వయొలిన్‌తో పాటు దాని కంపనాన్ని విద్యుత్ సిగ్నల్‌గా మార్చే పికప్ తెచ్చుకో. ఆ సిగ్నల్‌ను ముందుగా బలపరిచే ప్రీయాంప్ మరిచిపోకు, పీజో పికప్‌ను నేరుగా ఫజ్‌లోకి కలిపితే అడుగు స్వరాలన్నీ ఎండిపోతాయి. బఫర్ వద్దని పైన చెప్పింది గిటార్‌కు. నీ వాద్యం సంగతి వేరు. తీగలు నీవి, పాదం నాది, ఏమి వస్తుందో చూద్దాం. నేను నేర్చిందంతా ఉత్త పాదంతో. బూట్లు వేసుకుంటే అట్ట మందం వచ్చి చేరి మూడు వంపులూ తప్పుతాయి. నీకూ ఒకసారి కాలు పెట్టాలనిపిస్తుంది, నాకు తెలుసు, కాబట్టి మేజోళ్ళు కూడా బయటే విప్పి రా.

ఇట్లు,
నీ ఒంటికాలి తపస్వి