వార్షిక నివేదిక 2024–25: ముంగాలి చెవి మిడతతో ఒక ఏడాది

గౌరవ సభ్యులందరికీ కార్యవర్గం తరఫున నమస్కారం.

ఏటా ఒక ప్రాణిని ఎంచుకుని ఆ సంవత్సరమంతా దాని వెంటే నడవడం మన ప్రకృతి పరిశీలకుల సంఘం ఆనవాయితీ. ఈసారి వంతు కోపిఫోరా గొర్గొనెన్సిస్ అనే పొడుగు మీసాల మిడతకు వచ్చింది. అది ఉండేది కొలంబియా దేశానికి పడమర, పసిఫిక్ మహాసముద్రంలోని గొర్గోనా దీవిలో. ఎంపిక ప్రకటించగానే సర్వసభ్య సమావేశంలో ఒక పెద్దాయన లేచి, "మన చెరువు గట్టు మీది పురుగులన్నీ అయిపోయాయా?" అని నిలదీశారు. న్యాయమైన ప్రశ్నే. అందుకే జమాఖర్చులను వెనక్కి నెట్టి, ఆ మిడత సంగతికే ఈ నివేదికలో పెద్దపీట వేస్తున్నాను.

తొలి ప్రసంగం దీవి గురించి. తీరానికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, 9 కిలోమీటర్ల పొడవున్న చిన్న దీవి అది. ఏడాది పొడవునా వానలు, ఎప్పుడూ తడి ఆరని దట్టమైన అడవి. 1527లో అక్కడికి చేరిన స్పెయిన్ సేనాని పిజారో పాముల బెడద చూసి, జుట్టుకు బదులు పాములుండే గ్రీకు పురాణ రాక్షసి పేరు పెట్టాడని చెబుతారు. 1984 వరకు అక్కడ జైలు నడిచింది. అది మూతపడ్డాక దీవి జాతీయ ఉద్యానవనమైంది, అడవి జైలు గోడల మీదికీ పాకింది. ఒళ్లంతా నీలంగా ఉండే ఒక బల్లి జాతి కూడా ఆ దీవి సొంతం. మన మిడతను కొత్త జాతిగా శాస్త్రలోకానికి పరిచయం చేసింది 2010లో, ఫెర్నాండో మాంటెయాలెగ్రె, ఆయన సహ పరిశోధకుడు కలిసి. ఇదీ ఆ దీవికే పరిమితమైన జాతి.

రెండో ప్రసంగం శరీర నిర్మాణం మీద. నడినెత్తి మీద కొమ్ములా మొనదేలిన శంకువు, ఒంటి కంటే పొడవైన మీసాలు, గట్టి దవడలు. ఆడదానికి వెనుక కత్తిలాంటి గుడ్లు పెట్టే అవయవం. పాట మాత్రం మగదానిదే. ఎడమ రెక్క కుడి రెక్కను కప్పుకుని ఉంటుంది. ఎడమ రెక్క అడుగున వరుసగా పళ్లు, కుడి రెక్క అంచున గీకుడు మొన. రెక్కలు మూసుకునేటప్పుడు మొన పళ్ల మీదుగా జారుతుంటే రెక్కల్లోని పలుచని పొరలు కంపించి శబ్దం పుడుతుంది. ఆ శబ్దం సెకనుకు 23,000 కంపనాలు. మనిషి చెవి 20,000 దగ్గరే ఆగిపోతుంది. అంటే ఆ అడవిలో మిడత పక్కనే నిలబడినా ఆ పాట మనకు వినిపించదు. పెద్దవయసులో ఉన్న సభ్యులకైతే అందులో సగం ఎత్తు శబ్దం కూడా అనుమానమే, నాతో సహా.

ఆ రోజు సభలో ఒక తమాషా జరిగింది. ఎవరో ఫోనులో ఆ పాట పెడితే నలుగురైదుగురు "వినిపిస్తోంది" అన్నారు. సెకనుకు 44,100 నమూనాలతో భద్రపరచిన మామూలు ఫైలులో 22,050 కంపనాలకు మించిన శబ్దం ఉండనే ఉండదని మన కోశాధికారి లెక్క కట్టి చెప్పేసరికి హాలంతా నవ్వులు. వాళ్లు విన్నది ఫోను గురగుర. అసలు రికార్డింగును పది రెట్లు నెమ్మదిగా వినిపించినప్పుడు 2,300 కంపనాల సన్నని ఈల అందరికీ స్పష్టంగా వినబడింది.

ఇక ఈ ఏటి అసలు విషయం చెవి. ఈ మిడతకు చెవులు తలమీద లేవు, ముంగాళ్లలో మోకాలి కిందుగా ఉన్నాయి. ఒక్కో కాలికి రెండు కర్ణభేరులు. శబ్దం వాటిని రెండు దారుల్లో చేరుతుంది. ఒకటి నేరుగా బయటి గాలి నుంచి. రెండోది లోపలి నుంచి: ఛాతీ పక్కన ఉన్న శ్వాసరంధ్రంలో దూరి, కాలి లోపలి గొట్టం వెంట కిందికి దిగుతుంది. ఆ గొట్టం తిరగేసిన సన్నాయి లాంటిది, ఛాతీ దగ్గర వెడల్పుగా మొదలై మోకాలి వైపు పోనుపోను సన్నబడుతుంది. అందువల్ల లోపలికి వచ్చిన శబ్దం బలపడుతుంది, నడక మాత్రం మందగిస్తుంది. బయట ముందుగా, లోపల కాస్త ఆలస్యంగా తాకే ఈ తేడాయే శబ్దం ఏ దిక్కు నుంచి వచ్చిందో మిడతకు చెబుతుంది.

మాంటెయాలెగ్రె, డేనియల్ రాబర్ట్ బృందం 2012లో ప్రకటించిన సంగతి ఇంకా విచిత్రం. గాలిలో శబ్దం ద్రవాన్ని తాకితే చాలావరకు వెనక్కి తుళ్లిపోతుంది. మన చెవిలో ఈ చిక్కును మూడు చిన్న ఎముకలు తీరుస్తాయి. మిడతలో కర్ణభేరిని ఆనుకుని ఉన్న ఒక చిన్న పలక మీటలా ఊగి, ఆ కదలికను ద్రవం నిండిన తిత్తికి అందిస్తుంది. తిత్తిలో జ్ఞానకణాలు వరుసగా పేర్చి ఉంటాయి. శబ్దం ఆ వరుస వెంట అలలా కదులుతూ, హెచ్చు శ్రుతి ఒక కొసన, తగ్గు శ్రుతి మరో కొసన పలుకుతుంది. మన లోపలి చెవిలోని నత్తగుల్ల గొట్టం చేసే పని అచ్చంగా ఇదే. మనకూ మిడతకూ చుట్టరికం ఎంత దూరమో తెలిసిందే. ఒకే చిక్కుకు రెండు వంశాలు విడివిడిగా ఒకే విరుగుడు కనిపెట్టుకున్నాయి. పైగా ఈ జాతి కాలి తొడుగు అక్కడక్కడా పారదర్శకం కాబట్టి, చర్మం కోయకుండానే లేజరు కిరణంతో లోపలి అలను కొలవగలిగారు.

కర్ణభేరుల మీద సన్నని చీలిక మాత్రం వదిలి ముడుచుకున్న మడతలు కూడా ఉన్నాయి. అవి తోడు పాటను పట్టుకోవడానికేనని మనలో చాలామంది ఊహించారు. 2022లో వచ్చిన పరిశోధన మరోలా తేల్చింది: 23,000 దగ్గర అవి దిక్కు తెలుసుకోవడానికి సాయపడవు. 60,000 దాటిన శబ్దాలను మాత్రం 20 నుంచి 30 డెసిబెళ్లు పెంచుతాయి. అది ఆకుల మీద పురుగులను ఏరుకుతినే గబ్బిలాల అరుపుల శ్రేణి. పాడితే తోడు దొరుకుతుంది, గబ్బిలమూ వింటుంది. పనామాలోని బారో కొలరాడో దీవిలో మిడతలు అందుకే పాట తగ్గించుకుంటాయని 1987లోనే రాశారు.

పెద్దాయన ప్రశ్నకు జవాబు వానాకాలంలో రాత్రి నడకలో దొరికింది. గట్టు పొదల్లో దొరికిన పచ్చ మిడతను గాజు సీసాలోకి తీసుకుని, ముంగాలి మీద టార్చి వేసి భూతద్దం పెట్టాం. మోకాలి కింద కాలు కొద్దిగా ఉబ్బి, రెండు పక్కలా గోరుతో గీసినంత సన్నని చీలికలు కనిపించాయి. గొర్గోనా దీవి మిడతకు దగ్గరి చుట్టం మన పొదలోనే ఉంది. పొట్టి మీసాల గడ్డి మిడతల్లో మాత్రం చెవి కాలిలో కాదు, రెక్క కింద పొట్ట మొదట్లో ఉంది. ఆ తేడాను పిల్లలు మనకంటే త్వరగా పట్టేశారు. చూశాక మిడతలను దొరికిన చోటే వదిలేశాం.

బడి పిల్లలతో గరాటు, రబ్బరు గొట్టంతో నమూనా చెవి చేయించిన కార్యక్రమం ఓ మోస్తరుగా సాగింది. గొట్టాలు ఊడిపోవడంతోనే సగం సమయం గడిచింది. వచ్చే ఏడు ముందే అతికించి తీసుకెళ్లాలి.

తనిఖీ చేసిన జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. ఖర్చులో పెద్ద భాగం హాలు అద్దె. మేడ మీద గది ఇవ్వగల సభ్యులెవరైనా ఉంటే చెప్పండి.

వచ్చే ఏటి ప్రాణిగా పేడపురుగు, మిణుగురు, సాలీడు ప్రతిపాదనలో ఉన్నాయి, సమావేశంలో చేతులెత్తి తేలుద్దాం. రాత్రి నడకకు తీసుకెళ్లిన భూతద్దాలు ఇంకా కొందరి దగ్గరే ఉన్నాయి. దయచేసి ఆ రోజు వెంట తెచ్చి అప్పగించండి.

– కార్యదర్శి