మేం స్టేషన్‌కే రాలేదని రాసుకున్నారట!

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మే నెలలో ఇటలీలోని చింక్వే తెర్రె (సముద్రం ఒడ్డున కొండల మీది ఐదూళ్లు) కి మీ ట్రావెల్స్ ద్వారా మా ప్రయాణం, ఏడు వారాలుగా మీ నుంచి జవాబు లేకపోవడం.

అయ్యా,

ఈ ఉత్తరం కాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. ఇప్పటికి పదకొండు మెయిళ్లు పెట్టాను. వాటిలో ఒక్కదాన్నైనా మనిషన్నవాడు చదివినట్టు నాకు అనిపించలేదు.

మా అమ్మానాన్నల పెళ్లయి నలభై ఏళ్లు నిండాయని, వాళ్లిద్దర్నీ తీసుకుని మేం ముగ్గురం ఇటలీ వెళ్లాం. అందులో ఒక్క రోజు మీ చేతుల్లో పెట్టాం. మాంటెరోస్సో నుంచి వెర్నాజా మీదుగా కోర్నీలియా దాకా సముద్రం పక్క కొండదారిలో గైడ్‌తో నడక, అక్కణ్ణుంచి రైల్లో రియోమజ్జోరె, సాయంత్రం ‘వియా దెల్లామోరె’, అంటే ప్రేమబాట. 2012లో కొండచరియ విరిగిపడి మూతపడిన ఆ బాటని 2024లో మళ్లీ తెరిచారు. కిలోమీటరు కూడా ఉండదు. మోకాళ్ల నొప్పులున్న అమ్మని నాన్న ఒప్పించింది ఆ బాట పేరు చెప్పే.

ఉదయం 9 గంటలకి లా స్పెజియా స్టేషన్‌లో గడియారం కింద గైడ్ ఉంటారన్నారు. 8.40కే వెళ్లి నిలబడ్డాం. 11 దాటినా ఎవరూ రాలేదు. వోచర్ మీద అత్యవసర నంబరు అని వేశారు కదా, 9.30కి దానికి చేస్తే హైదరాబాద్‌లో ఎవరో ఎత్తి "లంచ్ టైమ్ మేడమ్, రెండు తర్వాత చేయండి" అని పెట్టేశారు. అక్కడ తొమ్మిదిన్నరంటే ఇక్కడ ఒంటిగంట, నిజమే. మరి అత్యవసరం అన్న మాట ఎందుకు అచ్చేశారు?

మేమే రైలు టికెట్లు కొనుక్కుని మాంటెరోస్సో చేరాం. కొండదారి మొదట్లో నడవడానికి ప్రవేశ కార్డు అడిగారు, మీ వోచర్ అక్కడ చెల్లలేదు, కార్డులూ కొన్నాం. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఆ ఎత్తుపల్లాల మెట్ల మీద, ద్రాక్షతోటలకి సున్నం లేకుండా పేర్చిన రాతికట్టు ఒక చేత్తో పట్టుకుని అమ్మ అడుగులో అడుగేసుకుంటూ నడిచింది. వెర్నాజా వచ్చేసరికి నాలుగైంది. కోర్నీలియా నడక మానుకున్నాం. ప్రేమబాటకి టైమ్ ప్రకారం ముందే టికెట్లు తీయాలి, ఆ టికెట్లు రాని గైడ్ దగ్గరే ఉండిపోయాయి. రియోమజ్జోరెలో గేటు అవతలున్న దారిని కాసేపు చూసి అమ్మా నాన్నా వెనక్కి తిరిగారు.

ఇంతవరకే అయితే మరిచిపోయేదాన్ని. గైడ్‌కి జ్వరం వచ్చిందేమో, మనుషులం కదా. కానీ ఆ తర్వాత మీరు చేసింది నేను మరిచిపోలేను.

మొదటిసారి మాట్లాడిన బాబు 48 గంటల్లో ఫోన్ వస్తుందన్నాడు. రాలేదు. రెండోసారి ఎత్తిన అమ్మాయికి మళ్లీ మొదట్నుంచీ చెప్పాను. అంతా విని, "ఆ ఊరి పేరు స్పెల్లింగ్ చెప్తారా మేడమ్?" అంది. మీరు అమ్మిన ఊరే అది! మూడో ఆయనేమో తప్పు ఇటలీ వాళ్లదన్నాడు. వాళ్ల నంబరడిగితే ఇవ్వకూడదన్నాడు. మధ్యలో ఒక రోజు మీవాళ్లే ఫోన్ చేశారు. ప్రాణం లేచొచ్చింది. తీరా చూస్తే మా యాత్రకి పదికి ఎన్ని మార్కులేస్తారని అడగడానికట. ఐదో ఆవిడ నన్ను నలభై నిమిషాలు హోల్డ్‌లో పెట్టి, చివరికి తాపీగా చెప్పింది: "గైడ్ వచ్చారండీ. సిస్టమ్‌లో కస్టమరే రాలేదని ఉంది."

మేం రాలేదట. ఆ గడియారం కింద, కొత్త కాన్వాస్ బూట్లేసుకుని, మీ వోచర్ చేతిలో పట్టుకుని నాన్న నిలబడ్డ ఫోటో నా దగ్గరుంది. గడియారంలో 9.02 స్పష్టంగా కనబడుతోంది. నాలుగుసార్లు పంపాను. ఒక్కరూ తెరిచి చూళ్లేదు. దానికి బదులు, తర్వాతి ట్రిప్పులో రెండు వేలు తగ్గిస్తామని కూపన్ వచ్చింది. పుండు మీద కారం చల్లినట్టయింది.

పదకొండేళ్లుగా మేం మీ కస్టమర్లం. మా అత్తగారి కాశీయాత్ర, మా సింగపూర్, తమ్ముడి హనీమూన్ అన్నీ మీ దగ్గరే. మా అపార్ట్‌మెంట్‌లో ఆరు కుటుంబాలని నేనే మీ ఆఫీసుకి పంపాను. వాళ్లకిప్పుడు ఏం చెప్పాలో మీరే చెప్పండి.

కట్టిన డబ్బు, మేం పెట్టుకున్న టికెట్ల ఖర్చు తిరిగివ్వడం ఎలాగూ మీ బాధ్యత. ముందు మాత్రం సిస్టమ్‌లో రాసుకున్న ఆ అబద్ధం తీసేయాలి. ఈ ఉత్తరం అందిన పదిహేను రోజుల్లో అది జరగకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. వాయిదాకి నాన్న కూడా వస్తానన్నారు. ఆ ఫోటో పెద్దది చేయించి ఈ కవర్లో పెట్టాను.

మీలో ఎవరైనా ఆయనకి ఫోన్ చేసి, వచ్చి నిలబడింది మీరే, రానిది మావాళ్లే అని ఒక్క మాట చెప్పండి. నంబరు మీ ఫైల్లోనే ఉంది. సాయంత్రం ఐదు దాటాక ఇంట్లోనే ఉంటారు.

ఇట్లు,
మీ పాత కస్టమర్,
కూకట్‌పల్లి, హైదరాబాద్