డ్రిప్ వేశారు సరే, ఫిల్టర్ కడిగేదెవరు?

సంపాదకులకు నమస్కారం.

2024 మార్చిలో బెంగళూరు జలమండలి మొక్కలకు, కార్లు కడగడానికి తాగునీళ్లు వాడితే 5,000 రూపాయల జరిమానా అని ఆర్డరు వేసింది. మంచి పనే చేసింది. కావేరి నీళ్లు దాదాపు వంద కిలోమీటర్ల దూరం నుంచి, అదీ పల్లం నుంచి మిట్టకు పంపు చేస్తే గానీ ఇక్కడికి రావు. వాటిని గడ్డికి పోయడం అన్యాయం. అప్పటినుంచి చాలా అపార్ట్‌మెంట్లు ఎస్టీపీ నీళ్లతో, అంటే తమ మురుగునీటి శుద్ధి ప్లాంటులో శుభ్రమైన నీళ్లతో, డ్రిప్ (మొక్క మొదట్లో చుక్కలుగా నీళ్లు పడే పైపులు) పెట్టించుకున్నాయి. వాటి గతి ఏమవుతోందో రోజూ చూస్తున్నాను కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మాది కోలారు జిల్లా ములబాగిలు వైపు. టమోటా తోటలకు డ్రిప్ బిగించడం నా వృత్తి. కొన్నేళ్లుగా వర్తూరు, వైట్‌ఫీల్డ్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ల గార్డెన్ పనులు కూడా చేస్తున్నాను.

మా ఊళ్లలో వెయ్యి అడుగులు దాటినా నీళ్లు పడని బోర్లు ఎన్నో. అందుకే డ్రిప్ విలువ అక్కడి రైతుకు ఎవరూ చెప్పక్కర్లేదు. కరెంటు రాగానే మోటారు వేసి ముందు ఫిల్టర్ దగ్గరికి పోతాడు. దానికి అటొకటి ఇటొకటి ప్రెషర్ మీటర్లు ఉంటాయి. రెండింటికీ తేడా చదరపు సెంటీమీటరుకు అర కేజీకి వచ్చిందంటే మూత విప్పి జాలీ కడగాల్సిందే. వారానికోసారి లాటరల్ పైపుల (మొక్కల వరస వెంట పోయే సన్న పైపుల) చివర్లు విప్పి, నీళ్లు తేటగా వచ్చేదాకా వదులుతాడు. మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ. ఆ పైపులకు చుక్కలు వదిలే డ్రిప్పర్ ఉంటుంది, దాని మూతి దగ్గర తెల్లగా పొర కడుతుంది. అది కరగడానికి అప్పుడప్పుడు పైపుల్లోకి యాసిడ్ కలిపిన నీళ్లు పంపుతాం. ఇదంతా చేస్తేనే నాలుగు లీటర్ల డ్రిప్పర్ గంటకు నాలుగు లీటర్లు ఇస్తుంది. లేదంటే వరస మొదట్లో మొక్క మునుగుతుంది, చివర్లో మొక్క ఎండుతుంది.

ఇక సిటీ సంగతి. నేను పనిచేసే ఒక అపార్ట్‌మెంట్‌లో కాంపౌండు చుట్టూ ఉన్న చెట్లకు ఎస్టీపీ నీళ్లతో డ్రిప్ వేయించారు. బిగించింది వేరేవాళ్లు. ఇసుక ఫిల్టర్ పెట్టలేదు, చిన్న జాలీ ఫిల్టర్ ఒకటి తగిలించి బిల్లు తీసుకుని వెళ్లిపోయారు. ఎండలు ముదిరేసరికి సగం చెట్ల కింద మట్టి పొడిపొడిగా ఉంది. ఒక లాటరల్ కోసి చూశాను. లోపలంతా నల్లటి జిగురు, వేలికి అంటుకుంటే సబ్బుతో కడిగినా వాసన పోలేదు. డ్రిప్పర్ లోపల నీళ్లు పోయే దారి మిల్లీమీటరు కూడా ఉండదు. ఎస్టీపీ నీళ్లలో మిగిలిపోయే సన్నటి మడ్డి, పాచి దాన్ని మూసేయడానికి ఎన్నాళ్లు కావాలి? పాపం, అక్కడి తోటమాలికి ఫిల్టర్ ఎలా విప్పాలో కూడా ఎవరూ చూపించలేదు. కదిరి నుంచి వచ్చిన మనిషి, ఊళ్లో సొంతంగా వేరుశనగ పండించినవాడు. ఒక్కసారి చెబితే చేయగలడు. అసోసియేషన్ వాళ్లు మాత్రం ‘డ్రిప్ మనకు సెట్ కాదు’ అని తేల్చి పైపులు పీకించేశారు. ఇప్పుడు మళ్లీ హోస్ పైపు, ట్యాంకరు నీళ్లు. ఎస్టీపీ నీళ్లేమో రాత్రిపూట డ్రైనేజీలోకి.

2018 నుంచి బెంగళూరు మురుగునీళ్లను శుద్ధి చేసి కేసీ వ్యాలీ (కోరమంగళ-చల్లఘట్ట లోయ) పథకం పైపుల్లో మా జిల్లా చెరువులకు పంపుతున్నారు. రెండో దశ వరకే శుద్ధి చేస్తున్నారు, మూడో దశ (ఇంకా వడపోసి క్రిములు చంపడం) కూడా చేయండని రైతులు అడుగుతున్నారు. న్యాయమైన కోరిక అది. శుద్ధి చేసిన నీళ్లు అంత దూరం చెరువులకు పోతున్నప్పుడు, అపార్ట్‌మెంటు ఎస్టీపీ నీళ్లు అదే కాంపౌండులో ఉన్న వేపచెట్టు మొదట్లోకి ఎందుకు పోకూడదు?

స్ప్రింక్లర్లతో ఎస్టీపీ నీళ్లు చల్లేవాళ్లకూ ఒక మాట. ఆ తుంపర గాలికి లేచి ఆడుకునే పిల్లల మొహాల మీద పడుతుంది. శుద్ధి సరిగా లేకపోతే అది రోగాలకు దారి. డ్రిప్ అయితే నీళ్లు మట్టిలోకే దిగుతాయి. అసలు అంత లాన్ ఎందుకు పెంచుతారో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఎండాకాలంలో గడ్డికి చదరపు మీటరుకు రోజుకు ఐదు లీటర్లు వేసుకున్నా, వెయ్యి చదరపు మీటర్ల లాన్ ఐదు వేల లీటర్లు తాగుతుంది. అంటే దాదాపు ఒక చిన్న ట్యాంకరు, రోజూ.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్లను నేను కోరేది ఒక్కటే. డ్రిప్ కాంట్రాక్టు ఇచ్చేటప్పుడు ఇసుక ఫిల్టర్, దాని తర్వాత జాలీ ఫిల్టర్ ఉండాలని కాగితం మీద రాయించుకోండి. తోటమాలి స్వయంగా ఫిల్టర్ విప్పి, కడిగి, మళ్లీ బిగించి చూపించేదాకా చివరి పేమెంటు ఆపండి. ఆ పనికి అతని డ్యూటీలో టైము ఇవ్వండి, జీతంలో కాస్త కలపండి. నగరపాలక అధికారులు కూడా పార్కుల టెండర్లలో ఇదే షరతు పెట్టాలి.

ఇక్కడి తోటల్లో పనిచేసేవాళ్లలో అనంతపురం, చిత్తూరు, కోలారు తెలుగువాళ్లు చాలామంది ఉన్నారు. ఫిల్టర్ కడిగే పద్ధతి, లాటరళ్లు శుభ్రం చేసే పద్ధతి బొమ్మలతో అరపేజీ మీ బెంగళూరు ఎడిషన్‌లో వేస్తే గోడకు అతికించుకుంటారు. ఫొటోలు కావాలంటే నేను తీసి పంపుతాను.

– ఒక డ్రిప్ ఫిట్టర్, వర్తూరు, బెంగళూరు