వంతెనతో పాటు దాని మోడల్‌నూ అప్పగించాలి

సంపాదకుడు గారికి,

వంతెన కూలిన ప్రతిసారీ సిమెంటు మీద, ఇసుక మీద చర్చ జరుగుతుంది. డిజైన్ ఎలా తయారైంది, దాన్ని సరిచూసింది ఎవరు అని అడిగేవాళ్లు తక్కువ. వంతెనల డిజైన్‌లో పనిచేసే మనిషిగా ఆ సంగతే రాస్తున్నాను.

ఇప్పుడు చాలా ఆఫీసుల్లో వంతెనను గీత గీతగా గీయడం లేదు. స్పాన్ (రెండు ఆధారాల మధ్య దూరం) ఎంత, రోడ్డు వంపు ఎంత, గర్డర్ (బరువు మోసే దూలం) లోతు స్పాన్‌లో ఎన్నో వంతు అని సాఫ్ట్‌వేర్‌కు చెబుతాం. ఒక అంకె మారిస్తే దాని మీద ఆధారపడ్డ కొలతలన్నీ మారిపోతాయి. ఇదే పారామెట్రిక్ మోడలింగ్. అలా కంప్యూటర్‌లో తయారయ్యే వంతెన రూపమే మోడల్. నార్వేలో 634 మీటర్ల రాండ్‌సెల్వా వంతెనను డ్రాయింగులు లేకుండా, మోడల్ చూసే కట్టారు.

ఈ పద్ధతి రావాల్సిందే. 1907లో కెనడాలో క్యూబెక్ వంతెన కడుతుండగానే కూలి 75 మంది కార్మికులు చనిపోయారు. అంతకుముందు ప్రధాన స్పాన్‌ను 1,600 అడుగుల నుంచి 1,800కు పెంచారు. దాంతో పెరిగిన సొంత బరువును మాత్రం సకాలంలో మళ్లీ లెక్క వేయలేదు. సరిగా కట్టిన మోడల్‌లో స్పాన్ మారిస్తే బరువు అప్పటికప్పుడే మారుతుంది.

అయితే మోడల్‌కు మనం చెప్పిన సంబంధాలే తెలుసు. ఒకసారి సర్వే మారిందని స్పాన్‌ను 30 మీటర్ల నుంచి 32కు పెంచాను. గర్డర్, స్లాబు, బేరింగులు అన్నీ సర్దుకున్నాయి. కాంక్రీటును ముందే బిగించి ఉంచే ప్రీస్ట్రెస్ కేబుల్ బాగా కిందికి దిగాల్సిన చోటు మాత్రం 15 మీటర్ల దగ్గరే ఉండిపోయింది. స్పాన్‌లో సగం అని రాయాల్సిన చోట ఎవరో నేరుగా 15 అని కొట్టేశారు. స్క్రీన్ మీద కేబుల్ నున్నగా, ఏ వంకా లేనట్టే కనిపించింది. మా సీనియర్ మేడమ్ కాగితం మీద చేత్తో లెక్క వేసి చూస్తే గానీ బయటపడలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

జర్మనీ, స్విట్జర్లాండ్ మధ్య లాఫెన్‌బుర్గ్ వంతెనకు 2003లో జరిగిందీ ఇలాంటిదే. రెండు దేశాలు ఎత్తును కొలిచే సముద్రమట్టాల మధ్య 27 సెంటీమీటర్ల తేడా ఉందని ముందే తెలుసు. ఆ తేడాను సరిచేయబోయి వ్యతిరేక దిశలో సవరించడంతో, తేడా 54 సెంటీమీటర్లయింది.

ప్రజల డబ్బుతో కట్టే వంతెనకు కూడా చాలాసార్లు చివరికి చేతికొచ్చేది పీడీఎఫ్ డ్రాయింగులే. మోడల్ కన్సల్టెంట్ కంప్యూటర్‌లోనే ఉండిపోతుంది. ప్రూఫ్ చెకింగ్ చేసేవారికీ, అంటే డిజైన్‌ను విడిగా సరిచూసేవారికీ, ఆ డ్రాయింగులే వెళ్తే, ఏ అంకె దేనికి ముడిపడి ఉందో వాళ్లకెలా తెలుస్తుంది? కొన్నేళ్లకు వంతెనను వెడల్పు చేయాలన్నా మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాలి.

అందుకే అసలు మోడల్ ఫైలును అప్పగించాలని టెండర్‌లోనే రాయాలి. దాంతో పాటు, 2024లో వంతెనలతో కలిపి అంతర్జాతీయ ప్రమాణంగా వచ్చిన ఐఎఫ్‌సీ 4.3 (ఏ సాఫ్ట్‌వేర్‌కైనా అందేలా మోడల్‌ను దాచే ఫైలు పద్ధతి) కాపీ కూడా తీసుకోవాలి. ఐఎఫ్‌సీ ఒక్కటే చాలదు, అందులో కొలతలు ఉంటాయి గానీ వాటి వెనకున్న డిజైన్ సూత్రాలు సాధారణంగా రావు. సరిచూసేవారు అదే మోడల్‌ను తిప్పి చూడకుండా, ముఖ్యమైన సెక్షన్లకు సొంతంగా లెక్క వేయాలి. దానికి కొన్ని వారాలు పడుతుంది. ఆ వారాలను కాంట్రాక్టు గడువులోనే కలపాలని సంబంధిత అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక వంతెనల డిజైన్ ఇంజనీరు